సగం చీరంత దూరం

"మూడు మీటర్లంటే ఎంతొస్తది బిడ్డా?" అని అడిగింది అమ్మ.

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు అనే జాతీయ ఉద్యానం బయటి నడకదారిలో బెంచీ మీద కూర్చుని ఉన్నాం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఒక గేటు నుంచి ఇంకో గేటు దాకా నడిచి కూలబడుతుంది. నేను ఫోనులో పార్కు చుట్టూ రాబోయే ఫ్లైఓవర్ల వార్త పైకి చదువుతున్నాను. పార్కు చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ అని, నిర్మాణాలకు ఆంక్షలుండే పట్టీ ఒకటి ఉంటుంది కదా, 2020లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో దాని వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు.

నేను చేతులు చాపి చూపించేలోపు ఆమే లెక్క కట్టుకుంది. "చీర ఐదున్నర. అంటే సగం చీర, పైన ఒక జానెడు." మళ్ళీ లేచి నడిచింది. ఆమె దృష్టిలో ఆ విషయం అక్కడితో అయిపోయింది. నాకు అవలేదు. ఈ పోస్టు ఆ సగం చీర గురించే.

పర్యావరణ ప్రభావ అంచనా, అంటే ఒక ప్రాజెక్టు కట్టకముందే దానివల్ల జరిగే హానిని లెక్కగట్టడం, దాని మీద మన దగ్గర ఎప్పుడు గొడవ జరిగినా నివేదిక చుట్టూ జరుగుతుంది. చెట్ల లెక్క తప్పు, కాపీ కొట్టారు, అసలు ఎవరూ వచ్చి చూడలేదు, ఇలాంటివి. అవి నిజమైన ఆరోపణలే, నేనూ కొన్ని చెబుతాను. కానీ నివేదిక రాసే మనిషి కంప్యూటర్ ముందు కూర్చునే సరికే సగం తీర్పు అయిపోయి ఉంటుందని నాకు ఈ మధ్య గట్టిగా అనిపిస్తోంది. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలవాలో, ఏ నెలల్లో కొలవాలో, దేన్ని ఒక ప్రాజెక్టు అనాలో ముందే గీసి పెట్టి ఉంటుంది. ఆ తర్వాత ఎంత నిజాయితీపరుడు వచ్చినా ఆ గీతల లోపలే కొలుస్తాడు.

తుప్పలకు ఇంకో పేరు

నా బతుకుతెరువు అనువాదం. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు, బీమా పాలసీలు, ఏదొస్తే అది. 2017లో ఒక కన్సల్టెన్సీ నుంచి పని వచ్చింది. ఒక గుట్టను క్వారీకి ఇవ్వబోతున్నారు. అంతకుముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, దానికి నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. అసలు నివేదిక మూడు వందల పేజీల పైచిలుకు, మొత్తం ఇంగ్లీషు. నా చేతికి వచ్చింది పద్నాలుగు పేజీలు. నిబంధన అడిగేదీ అంతే. ఊరివాళ్ళు తమ గుట్ట గురించి చదువుకోగలిగింది ఆ పద్నాలుగు పేజీలే, అవీ నేను రాసిన మాటల్లో.

మొదటి పేజీలోనే ఒక మాట దగ్గర ఆగాను. గుట్ట చుట్టూ ఉన్న నేలను 'స్క్రబ్' అన్నారు. నేను 'తుప్పల అడవి' అని రాశాను. రేగు, బలుసు, తంగేడు, సీతాఫలం చెట్లు, మధ్యమధ్య బండలు. మా అచ్చంపేట వైపు ఇలాంటి చోటుకి మేకలు తోలుకుపోతూనే పెరిగాడు మా మేనమామ. దిద్దుబాటుకు వెళ్ళి తిరిగొచ్చిన ఫైల్లో అది 'నిరుపయోగ భూమి' అయి ఉంది. ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి మర్యాదస్తుడు. "అడవి అని రాస్తే అటవీ శాఖ భూమి అనుకుంటారు మేడమ్, లేనిపోని కన్‌ఫ్యూజన్" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. రికార్డుల్లో అది అడవి కాదు. "పోనీ తుప్పలు అని ఉంచండి" అన్నాను. ఉంచలేదు. నేనూ పట్టుబట్టలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి, చెప్పడం ఇష్టం లేకపోయినా. ఆ సారాంశంలో పక్షుల పట్టిక ఉంది. కాకి, పిచ్చుక, గోరింక, పావురం, కొంగ, ఇలా ఒక పద్దెనిమిది పేర్లు. ఆరేడు నెలల తర్వాత అదే ఆఫీసు నుంచి ఇంకో జిల్లాలో ఇంకో పని వచ్చింది. అందులోనూ అదే పట్టిక. పేర్లూ అవే, వరసా అదే. ఒక్క జిల్లా పేరు మారింది. నేను చేసిందేమిటంటే, పాత ఫైల్ తెరిచి నా పాత అనువాదాన్నే తెచ్చి అతికించాను. బిల్లు మాత్రం పూర్తిగా వేశాను. రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని నివేదికలో రష్యా గని సమాచారం దొరికిందని చదివినప్పుడు అందరిలాగే నవ్వాను, కానీ నాకా నవ్వే హక్కు ఎంతుందో నాకు తెలుసు.

ప్రజాభిప్రాయ సేకరణకు ఉత్త కుతూహలంతో వెళ్ళాను. బడి ఆవరణలో షామియానా, వేదిక మీద అధికారులు, ఒక పక్క పోలీసులు. ఒక పెద్దాయన మైకు అందుకుని, మేకలను ఎటు తోలుకుపోవాలో చెప్పమన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే అడిగాడు. ఆ తర్వాత లేచిన కుర్రవాళ్ళు ఉద్యోగాలు అడిగారు. కొన్నాళ్ళకు ఆ రోజు కార్యక్రమ వివరాలు కూడా నా దగ్గరికే అనువాదానికి వచ్చాయి, ఈసారి తెలుగు నుంచి ఇంగ్లీషుకు. పెద్దాయన మాట 'పశుగ్రాసం గురించి ప్రస్తావించారు' అయింది. దాని పక్క గడిలో సంస్థ జవాబు, పచ్చదనం పెంచుతామని. ఆయన గడ్డి గురించి అడగలేదు. దారి గురించి అడిగాడు. ఆ గడిలో దారి పట్టదు.

ఇక్కడ నగరవాసులకు ఒక మాట. ఆ పెద్దాయనకు మైకైనా దొరికింది. ప్రభావ అంచనాకు నిబంధనలు పెట్టిన 2006 నోటిఫికేషన్‌లో భవన నిర్మాణాలకు, టౌన్‌షిప్‌లకు ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని మినహాయింపు ఉంది. హైదరాబాద్ రూపురేఖలు మార్చేసినవి ప్రధానంగా అవే. మన పక్కన నలభై అంతస్తులు లేస్తున్నప్పుడు మనల్ని షామియానా కిందికి పిలిచేవారెవరూ లేరు.

ఆరుద్ర పురుగు రాని నెలలు

నివేదికల్లో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది కాలం. చాలా రకాల ప్రాజెక్టులకు ఒక సీజన్ సమాచారం సేకరిస్తే చాలు. ఆ సీజన్ వానకాలం కాకూడదు. నేను చూసిన రెండు నివేదికల్లోనూ అది మార్చి నుంచి మే.

ఇప్పుడు మన దక్కను నేలను తలుచుకోండి. మార్చి నుంచి మే దాకా గుట్టలు ఎలా ఉంటాయి? ఎండిన కసువు, వేడెక్కిన బండలు, పైన ఒక గద్ద. ఆరుద్ర కార్తెలో ఎర్ర ముఖమల్ ముక్కల్లా నేల మీద పాకే ఆరుద్ర పురుగులు మే నెలలో ఎక్కడుంటాయి? మట్టిలో పూడుకుని ఉండి, మొదటి గట్టి వానకు బయటికొచ్చి రాత్రంతా గోల చేసే కప్పలు? వానల్లో గూళ్ళు అల్లే గిజిగాళ్ళు? బతుకమ్మకు కోసుకొచ్చే గునుగు ఏప్రిల్‌లో కనిపించదు. తంగేడు ఉంటుంది, బతుకమ్మనాటి నిండు పూత లేకుండా. సర్వేకు వచ్చినవాళ్ళకు అది మరో పొద. అసలు ప్రాణం వానకాలంలో పొర్లే నేలకు ఎండాకాలంలో ఫొటో తీసి, ఇక్కడ చెప్పుకోదగ్గవేమీ లేవు అని రాయడమంటే, బతుకమ్మ పండుగ ఎలా ఉంటుందో చూడ్డానికి మే నెలలో రావడం లాంటిది.

దీని మీద ఒకసారి గట్టిగా వాదించబోయి దెబ్బతిన్నాను. కాలుష్యం కొలిచే పనిలో ఉన్న మిత్రుడొకడు అడ్డం తగిలాడు. వానకాలం ఎందుకు వద్దంటారో తెలుసా అన్నాడు. వాన గాలిలోని దుమ్మును కడిగేస్తుంది. వానల్లో కొలిస్తే కాలుష్యం తక్కువ చూపిస్తుంది, కంపెనీకి లాభం. వానలు లేనప్పుడు కొలిస్తేనే అసలు తీవ్రత తెలుస్తుంది. అంటే నేను కుట్ర అనుకున్నది మొదట మంచి ఉద్దేశంతోనే పెట్టిన జాగ్రత్త! సరే, ఒప్పుకున్నాను. అయితే అది గాలికి కుట్టిన చొక్కా. దాన్నే కప్పలకూ తంగేడుకూ తొడిగారు. కుట్ర లేదు అని తెలియడం వల్ల నాకు ఊరట కలగలేదు. కుట్ర అయితే ఎవరో ఒకర్ని పట్టుకోవచ్చు. ఇది ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన గీత.

కొలబద్ద ఎవరి చేతిలో

ఇక అమ్మ చీర దగ్గరికి వస్తాను. జాతీయ ఉద్యానం లోపలి భాగానికి చట్టం మంచి కాపలాయే కాస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఒకసారి ప్రకటించాక దాని హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు కావాలి. అందుకే లోపల ఎవరూ చెయ్యి పెట్టరు. గొడవంతా హద్దుకు బయట, ఎంత దూరం దాకా పార్కు లెక్కలోకి వస్తుందన్న దాని మీద.

కేబీఆర్ విస్తీర్ణం సుమారు 142 హెక్టార్లు. అది గుండ్రంగా ఉందనుకుని సరిగ్గా నడిమధ్యలో నిలబడ్డామనుకోండి, ఏ వైపు చూసినా అంచు 670 మీటర్ల దూరంలోనే. అసలు ఆకారం గుండ్రం కాదు కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. అదే లెక్క 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి వేస్తే దాదాపు 29 కిలోమీటర్లు. అమ్రాబాద్‌కు అంచు అంటే అంచే. కేబీఆర్‌కు పార్కంతా అంచే. ఫ్లైఓవర్ పిల్లర్ పార్కులో దిగదు, నిజమే. కానీ నేల మీద ఉన్న వీధి దీపాన్ని చెట్టు కొమ్మల ఎత్తుకు లేపితే ఆ వెలుతురు హద్దు దగ్గర ఆగుతుందా? హారన్లు? అండర్‌పాస్ కోసం బండను కోస్తే, ఆ బండ పగుళ్ళలో పారే నీళ్ళు ఎటు పోతాయి? సగం చీర వెడల్పున్న జోన్‌లో ఇవేవీ కొలతకు దొరకవు, ఎందుకంటే ఇవన్నీ దాని అవతల మొదలై లోపలికి వస్తాయి.

గీతల కథలు ఇంకా ఉన్నాయి. చేవెళ్ళ దారిలో మర్రిచెట్లు అందరికీ తెలిసినవే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, తొమ్మిది వందల దాకా మర్రులు. జాతీయ రహదారి విస్తరణకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలంటే పొడవు వంద కిలోమీటర్లు దాటాలి. వందకు 46 తక్కువే కదా. తొమ్మిది వందల మర్రులున్న 46 కిలోమీటర్ల కన్నా ఒక్క చెట్టూ లేని 101 కిలోమీటర్లకే పరీక్ష ఎక్కువ. చివరికి పౌరులు పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. రక్షిత ప్రాంతాలకు దగ్గరలో వచ్చే ప్రాజెక్టులను కేంద్ర స్థాయిలో పరిశీలించాలన్న షరతు కూడా అంతే. 2006లో దగ్గర అంటే 10 కిలోమీటర్లు. 2014 సవరణతో అది 5 అయింది. ఆ ఎనిమిదేళ్ళలో జింకలేమన్నా దగ్గరికి జరిగి కూర్చున్నాయా?

అయితే గీతను దూరంగా గీస్తే చాలు అంటారా అంటే, అదీ అనలేను. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ప్రతి రక్షిత అడవి చుట్టూ కనీసం ఒక కిలోమీటరు ఉండాలంది. 2023 ఏప్రిల్‌లో ఆ ఆదేశాన్ని సడలించింది. కేబీఆర్‌కు కిలోమీటరు గీస్తే ఏమవుతుందో మ్యాప్ మీద చూశాను. ఫిల్మ్‌నగర్‌లో కొంత, బంజారాహిల్స్‌లో చాలా, క్యాన్సర్ ఆసుపత్రి, అన్నీ అందులోకే. అక్కడ వంటింటికి కిటికీ పెట్టుకోవాలన్నా కమిటీ అనుమతి కావాలంటే జనం పార్కునే శత్రువులా చూస్తారు. దేశమంతటికీ ఒకే కొలత మూర్ఖత్వం. దాని బదులు ఎక్కడికక్కడ చూసి నిర్ణయిద్దాం అన్నారు, వినడానికి అది తెలివైన మాట. ఎక్కడికక్కడ చూసిన ఫలితమే మన 3 మీటర్లు. ఇక్కడ తలనొప్పి వచ్చి రెండు రోజులు ఈ పోస్టు పక్కన పెట్టాను.

అన్నతో పేచీ

మా అన్న యూసుఫ్‌గూడ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్ళి వస్తాడు. ఈ పోస్టు రాస్తున్నానని తెలిసి, "నీకేం, ఇంట్ల కూసొని తర్జుమా చేస్తవు. నేను రోజు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాలె" అన్నాడు. "ఆ సిగ్నల్ కాడ నా బండి పొగ మీ పార్కుకు మంచిదా? ఆగకుండా పోతే పొగ తక్కువ గదా?"

బలమైన వాదన, నేను కొట్టిపారేయను. నడకదారిలో కనిపించే మాలాంటి వాళ్ళం కార్లలోనే వచ్చి, పక్కన పార్క్ చేసి, ప్రకృతిని ప్రేమించి, మళ్ళీ కార్లలో పోతాం. ఆ కూడళ్ళ దగ్గర పడే రద్దీలో మా వాటా చిన్నదేం కాదు. పైగా ఇది ఆదిమ అడవేమీ కాదు. నిజాం మనవడి చిరాన్ ప్యాలెస్ ఆవరణ, 1998లో జాతీయ ఉద్యానమైంది. ఉన్నవాళ్ళ కొండ మీద ఉంది కాబట్టి 2016లో ఫ్లైఓవర్ల కోసం కొట్టేయాల్సిన చెట్ల మీద నంబర్లు పడగానే వందల మంది వచ్చి చెట్లను కావలించుకున్నారు, ట్రిబ్యునల్ ఆపింది. వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలి ఉంది. 14.59 చదరపు కిలోమీటర్లు, అంటే కేబీఆర్‌కు పదింతలు, కృష్ణజింకలున్న చోటు. దాని చుట్టూ ఏం జరుగుతోందో మన టైమ్‌లైన్లలో ఎన్నిసార్లు చూశాం? నాకు గుర్తుండి ఈ బ్లాగులో ఇదే మొదటిసారి.

కానీ అన్న మాటల్లోనే ఇంకోటి దొరికింది. "కేబుల్ బ్రిడ్జి వచ్చినంక మాదాపూర్ కాడ తేలికైంది, జామంతా ఇటు రోడ్ నంబర్ 45 కాడికొచ్చి పడ్డది" అన్నాడు. దుర్గంచెరువు మీద ఆ వంతెన 2020 సెప్టెంబరులో తెరిచారు. మొదట 826 కోట్ల అంచనాతో కేబీఆర్ చుట్టూ ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టాలన్న ఆరు కూడళ్ళలో రోడ్ నంబర్ 45 ఒకటి. ఒక వంతెన తెచ్చిన రద్దీ ఇంకో వంతెనకు కారణమవుతోంది. రేపు ఈ ఆరింటి రద్దీ ఎక్కడ తేలుతుందో అక్కడ ఏడోది మొదలవుతుంది. ఒక ప్రాజెక్టు ప్రభావాల్లో తర్వాతి ప్రాజెక్టు కూడా ఉంటుందన్న గడి నేను చూసిన పట్టికల్లో లేదు. ఒక్కో కూడలినీ విడిగా చూస్తే, ఒక్కో పట్టికా, "ప్రభావం స్వల్పం" అంటుంది. బహుశా నిజాయితీగానే. ఆరు స్వల్పాలు కలిస్తే ఏమవుతుందో ఆ ఆరింటిలో ఎవరూ రాయరు.

అన్నకు ఇది చెప్పాను. "మరి నన్నేం జేయమంటవ్?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. బస్సులు పెంచాలి, మెట్రో పెంచాలి లాంటి మాటలు నోటి దాకా వచ్చాయి కానీ, ఎనిమిదిన్నరకు బయల్దేరాల్సిన మనిషికి అది జవాబు కాదు. నేను అడిగేదల్లా, అతని గంట సమయాన్ని తక్కెడలో వేసినట్టే అవతలి పళ్ళెంలో ఏముందో కూడా మొత్తంగా వేయమని. వేసి చూశాక కూడా ఫ్లైఓవరే కావాలని తేలితే, నేను ఏడుస్తానేమో గానీ కోర్టుకు పోను.

కాగితం మీద అడవి లేదు

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి దగ్గర నా వాదన తలకిందులైంది. ఇన్నాళ్ళూ నేను రక్షిత ప్రాంతం చుట్టూ గీత ఎంత దూరం అని తగవు పడుతున్నాను. ఆ 400 ఎకరాలకు గీతే లేదు. జాతీయ ఉద్యానం కాదు, అభయారణ్యం కాదు, రికార్డుల్లో అడవి కాదు. పేరులోనే ఉంది కంచ అని, పశువులు మేసే బీడు. 2025లో ఉగాది, రంజాన్ సెలవులు కలిసొచ్చిన రోజుల్లో జేసీబీలు దిగాయి. రాత్రి లైట్ల వెలుగులో యంత్రాలు, చీకట్లో నెమళ్ళ కేకలు ఉన్న వీడియోలు అందరం చూశాం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కల్పించుకుని ఆపే సరికి దాదాపు వంద ఎకరాలు చదునైపోయింది.

అది ప్రభుత్వ భూమి, అడవి కాదు అన్నవాళ్ళు కాగితం చూపించారు. కాగితం వరకు వాళ్ళ మాట తప్పని నేననలేను. 2017లో ఆ మర్యాదస్తుడైన అబ్బాయి నాతో అన్నదీ అదే మాట. తుప్పల అడవిని నిరుపయోగ భూమి అని నేను ఒప్పుకున్నప్పుడు అది నాకు పద్నాలుగు పేజీల్లో ఒక చిన్న మార్పు. అలాంటి చిన్న మార్పులు రెవెన్యూ రికార్డుల్లో, మాస్టర్ ప్లాన్లలో, నాలాంటి వాళ్ళ ఫైళ్ళలో ఏళ్ళ తరబడి పేరుకున్నాక, జేసీబీ డ్రైవర్‌కు అక్కడ అడవి ఎందుకు కనిపించాలి? కోర్టు ఆపడం సంతోషమే. కానీ నేల చదునయ్యాక వచ్చే తీర్పును ప్రభావ అంచనా అనలేం, పంచనామా అనాలి. ముందు కట్టేసి తర్వాత పర్యావరణ అనుమతి తెచ్చుకోవడం చెల్లదని 2025 మేలో సుప్రీంకోర్టు అన్నప్పుడు ఒక్క క్షణం గాలి పీల్చుకున్నాను. నవంబరులో అదే కోర్టు, ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటతో, ఆ తీర్పును వెనక్కి తీసుకుంది.

రుజువు ఎవరు చూపాలి

ఈ ప్రశ్నకు జవాబు మన ఊరి చెరువుల దగ్గరే దొరికింది, చాలామంది మరిచిపోయారు గానీ. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్లలో కాలుష్య పరిశ్రమలు వద్దని 1996లో 111 జీవో వచ్చింది, 84 ఊళ్ళకు. ఆ పది కిలోమీటర్ల లోపల, శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో, ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెడతామని ఒక సంస్థ పట్టుబట్టింది. మా దగ్గర కాలుష్యం రాదు, కావాలంటే శాస్త్రజ్ఞుణ్ణి అడగండి అంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1999లో తీర్పు రాసింది తెలుగువాడే, జస్టిస్ ఎం. జగన్నాధరావు. హాని జరుగుతుందని రుజువు చేయాల్సింది అడ్డుపడేవాళ్ళు కాదు, హాని జరగదని రుజువు చేయాల్సింది కట్టేవాళ్ళే అని చెప్పింది ఆ తీర్పు. సందేహముంటే జాగ్రత్త వైపే మొగ్గాలని.

నాకు ఆ తీర్పు అంటే ఇష్టం, కొంచెం అనుమానం కూడా. హాని జరగదని రుజువు చేసే బాధ్యత కట్టేవాడి మీద పెడితే, వాడు ఆ రుజువు కోసం ఒక కన్సల్టెన్సీని పెట్టుకుంటాడు. డబ్బు వాడిది. కన్సల్టెన్సీ నన్ను పెట్టుకుంటుంది. చివరికి కాకి, పిచ్చుక, గోరింక. బరువు సరైన భుజం మీదే పెట్టారు, కానీ తూకం వేసే మనిషికి కూలీ కూడా ఆ భుజమే ఇస్తోంది. దీనికి విరుగుడుగా స్వతంత్ర నియంత్రణ సంస్థ ఒకటి పెట్టమని 2011లో లాఫార్జ్ అనే సిమెంట్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో మళ్ళీ చెప్పింది. ఇప్పటికీ లేదు. ఇక ఆ 111 జీవోలోని ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో 69వ జీవోతో ఎత్తేశారు. చెరువులు మారలేదు, వాన పడే పద్ధతి మారలేదు. ఆ ఊళ్ళ రైతులకు అన్యాయం జరిగిందన్న మాటలో మాత్రం నిజముంది. పాతికేళ్ళు నగరం నీళ్ళ కోసం వాళ్ళ పొలాల ధర తొక్కిపెట్టి, బదులుగా ఏమీ ఇవ్వలేదు మనం. గీత గీసినప్పుడు దాని ఖరీదు ఎవరు మోస్తున్నారో చూడకపోతే, ఆ గీతను చెరిపేయమని మొదట అడిగేది వాళ్ళే.

అమ్మతో ఈ చర్చ తెస్తే ఆమె యురేనియం సంగతి ఎత్తింది. నల్లమలలో 83 చదరపు కిలోమీటర్లలో నాలుగు వేల బోర్లు వేసి యురేనియం వెతుకుతామని 2019లో ప్రతిపాదన వచ్చినప్పుడు మా వైపు ఊళ్ళన్నీ కదిలాయి. ఆ సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా వద్దంది. "అప్పుడెవ్వలు గీతలు గీయలే. వద్దన్నరు, అయిపాయె" అంది అమ్మ. నాకు ఈ ముక్క మీద చాలా ఆలోచన నడిచింది. నేను చూసిన నివేదికలన్నీ ప్రాజెక్టు ఎలా కడితే హాని తగ్గుతుందో చెబుతాయి. 'మిటిగేషన్' అన్న మాటకు మేం వాడే తెలుగు 'ఉపశమన చర్యలు'. జబ్బు వచ్చి తీరుతుందని ముందే ఖాయం చేసుకుని ఇచ్చే మందు అన్నమాట. కట్టకపోతే ఏమవుతుంది అన్న విభాగం పేరుకు ఉంటుంది, ఒక్క పేరా. 'ప్రాజెక్టు రాకపోతే ప్రాంత అభివృద్ధి కుంటుపడుతుంది.' రెండు నివేదికల్లోనూ ఇదే వాక్యం. ఇది కూడా కాపీ చేసే అతికించాను కాబట్టి బాగా గుర్తుంది.

అయితే ప్రతిసారీ నల్లమలలా ఊళ్ళు కదలవు, శాసనసభ ఒక్క గొంతుతో మాట్లాడదు. కేబీఆర్ దగ్గర కదిలేవాళ్ళున్నారు. ఆ క్వారీ గుట్ట దగ్గర ఒక్క పెద్దాయన ఉన్నాడు. అందుకే నాకు నివేదికలు కావాలి, ఎంత తిట్టుకున్నా. కాకపోతే గీత గీసే రోజే అందరికీ తెలియాలి. ఏ నెలల్లో వస్తారో, ఎంత దూరం నడుస్తారో, పక్క ప్రాజెక్టులను కలుపుతారో లేదో, ఆ రోజే షామియానా వేసి, పూర్తి తెలుగులో చెప్పి, అడగనివ్వాలి. ఇప్పుడు జనాన్ని పిలిచేసరికి అన్నీ కొలిచేసి ఉంటారు. 2020లో కొత్త నిబంధనల ముసాయిదాను ఇంగ్లీషు, హిందీల్లోనే పెడితే, మిగతా భాషల్లోకి కూడా మార్చమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చిన దేశం మనది. కాబట్టి నేను అడుగుతున్నది చిన్న కోరికేమీ కాదని నాకు తెలుసు.

పోయిన వారం ఒక కొత్త ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఇంకో క్వారీ, ఇంకో సారాంశం, శుక్రవారానికి కావాలి. ఒప్పుకునే ముందు ఒక్క ప్రశ్న రాశాను, జీవజాతుల సర్వే ఏ నెలల్లో చేశారని. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "మేడమ్, అది టెక్నికల్ టీమ్ చూసుకుంటుంది. మీరు ట్రాన్స్‌లేషన్ వరకు చూడండి. ఫైల్ జతచేశాం."

ఫైల్ తెరిచాను. తొమ్మిదో పేజీలో పక్షుల పట్టిక. మొదటి పేరు కాకి.